విండ్సర్ ఈవీ: ఎక్స్‌క్లూజివ్ చాలా, ఎసెన్స్ దాకా వెళ్లాలా?

ప్రశ్న: మాది విజయవాడ. ఎంజీ విండ్సర్ ఎలక్ట్రిక్ కారు, 38 కిలోవాట్ అవర్ బ్యాటరీది ఖాయం చేసుకున్నాం. బ్యాటరీ, మోటారు, 15.6 అంగుళాల స్క్రీన్ ఎక్స్‌క్లూజివ్, దాని పైది ఎసెన్స్, ఈ రెండు వేరియంట్లలోనూ ఒకటే. ఎసెన్స్‌లో అదనంగా ముందు సీట్లకు వెంటిలేషన్, పైన గాజు రూఫ్ వస్తాయి. మా ఆవిడకి రూఫ్ తెగ నచ్చింది. నాకేమో మే నెల ఎండ తలుచుకుంటేనే టెన్షన్. వాడుతున్నవాళ్లు చెప్పండి.

జవాబు (గుంటూరు): ఎసెన్స్ వాడుతున్నానండి. రూఫ్ సంగతి పక్కన పెట్టండి, సీట్ల కోసమే తీసుకోవచ్చు. రెగ్జిన్ సీటులో మధ్యాహ్నం కూర్చుంటే చొక్కా వీపుకి అతుక్కుపోతుంది. ఇందులో సీటుకున్న సన్నటి చిల్లుల గుండా గాలి ఆడుతుంది, కాసేపటికే వీపు ఆరిపోతుంది. ఏసీ కొంచెం తగ్గించినా హాయిగానే ఉంటుంది. ఈ ఫ్యాన్లకు అయ్యే కరెంటు ఏసీతో పోలిస్తే చాలా తక్కువ. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: ఎవరైనా సీటు కవర్లు వేయించుకోమంటే మామూలువి వద్దనండి. చిల్లులు మూసుకుపోతే పెట్టిన డబ్బంతా వృథా.

జవాబు (ఖమ్మం): అన్నా, ఎక్కువగా వెనక కూర్చునేదెవరు? పెద్దవాళ్లయితే ఎక్స్‌క్లూజివ్ చాలు. వెంటిలేషన్ ముందు సీట్లకే. వెనక సీటు 135 డిగ్రీల దాకా వాలడం అందులోనూ ఉంది. మిగిలిన డబ్బుతో ఇంటి దగ్గర ఛార్జర్‌కి మంచి ఎర్తింగ్ వేయించు.

ప్రశ్న అడిగినవారు: వెనక అమ్మ కూర్చుంటుంది, కానీ రోజూ నడిపేది నేనే. మిట్టమధ్యాహ్నం టెస్ట్ డ్రైవ్ అడుగుతాను, ఎండలో నిలబెట్టిన ఎసెన్స్‌లోనే.