వలసలతో స్థానికుల కూలి పడుతుందా? మారియెల్ లెక్క మీద మళ్లీ తగువు

లెక్కలపుల్లయ్య: వలస కార్మికులు వస్తే స్థానికుల కూలి పడిపోతుందనే ఇన్నాళ్లూ ఇక్కడ వాదించాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. 1980లో ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా క్యూబాలోని మారియెల్ రేవు నుంచి సుమారు 1,25,000 మంది అమెరికా చేరారు. వాళ్లలో చాలామంది స్థిరపడ్డ మయామీ నగరంలో కార్మికుల సంఖ్య చూస్తుండగానే 7 శాతం పెరిగింది. అయినా ఆర్థికవేత్త డేవిడ్ కార్డ్ అట్లాంటా, హ్యూస్టన్ లాంటి నగరాలతో పోల్చి చూస్తే చదువు తక్కువున్న స్థానికుల కూలిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. వచ్చినవాడు పనికి పోటీ ఒక్కటే కాదు కదా, అద్దె కడతాడు, సరుకులు కొంటాడు. ఆ ఖర్చే ఇంకొకరికి పని.

ఎదురుగాలి: కార్డ్ దగ్గరే ఆగిపోయారా? జార్జ్ బోర్హాస్ అనే ఇంకో ఆర్థికవేత్త అదే మయామీని మళ్లీ తవ్వాడు. హైస్కూలు దాటని మగవాళ్ల కూలి 10 నుంచి 30 శాతం పడింది. అందర్నీ కలిపి సగటు తీస్తే దెబ్బ తిన్నవాడు కనబడడు.

లెక్కలపుల్లయ్య: ఆ గుంపులో ఎవరున్నారో చూశారా? మగవాళ్లే, 25-59 ఏళ్లవాళ్లే, హిస్పానిక్‌లు (స్పానిష్ మాట్లాడే దేశాల మూలాలున్నవాళ్లు) కానివాళ్లే, హైస్కూలు దాటనివాళ్లే. ఇన్ని జల్లెళ్లు పట్టాక సర్వేలో మిగిలేది గుప్పెడు మంది. పైగా సరిగ్గా అప్పుడే ఆ గుంపులో నల్లజాతివాళ్ల వాటా పెరిగింది. వాళ్ల కూలి ముందునుంచే తక్కువ. ఒక్కరి జీతమూ తగ్గకుండానే సగటు పడుతుంది. క్లెమెన్స్, హంట్ అనే ఆర్థికవేత్తలు పట్టుకున్నది ఇదే.

ఎదురుగాలి: హిస్పానిక్‌లను బోర్హాస్ ఎందుకు తీసేశాడో కూడా చెప్పండి. ఎక్కడ పుట్టావన్న ప్రశ్న ఆనాటి సర్వేలో లేదు. కలిపితే కొత్తగా దిగినవాళ్లు కూడా 'స్థానికుల్లో' కలిసిపోతారు.

గట్టుమీదికాకి: ఇంకో రెండొందల పోస్టులైనా మీరిద్దరూ మయామీ దాటరు.

లెక్కలపుల్లయ్య: దాటుదాం. మెక్సికో కూలీలను తెచ్చే బ్రసెరో ఒప్పందాన్ని అమెరికా 1964 చివర్లో ఆపేసింది. మీ లెక్కన కూలి రేట్లు ఎగబాకాలి కదా? ఆ కూలీల మీద ఎక్కువ ఆధారపడ్డ రాష్ట్రాల్లో, మిగతాచోట్ల కంటే వేగంగా ఏమీ పెరగలేదు. కాలిఫోర్నియా టమాటా రైతులు యంత్రానికి మారారు. అది మొక్కను మొదలంటా కోసి దులుపుతుంది, రెండోసారి చేనులోకి దిగే పని లేదు. అందుకే కాయలన్నీ ఒకేసారి పండే, దులిపినా చిట్లని రకాన్ని ముందే తయారుచేసి పెట్టుకున్నారు. యంత్రం కుదరని కొన్ని పంటల్లో సాగే తగ్గించుకున్నారు.

ఎదురుగాలి: చూశారా, కూలీ దొరక్కపోతే యంత్రం వస్తుంది! నేననేదీ అదే.

లెక్కలపుల్లయ్య: మీరన్నది కూలి పెరుగుతుందని. పెరగలేదు. మాట మార్చకండి.

ఎదురుగాలి: మార్చిందెవరండీ? ఏ పేపరు గాలి వీస్తే అటు వాలేది మీరు. సరే, కూలి సంగతి పక్కన పెడదాం. వలసల ఖర్చు మీద అమెరికా శాస్త్రవేత్తల సంస్థ నేషనల్ అకాడెమీస్ 2016లో ఇచ్చిన నివేదిక చదివారా? మొదటి తరం వలసదారుల భారం ఎక్కువగా రాష్ట్రాల మీద, స్థానిక సంస్థల మీద పడుతుంది, ముఖ్యంగా పిల్లల చదువు ఖర్చు వల్ల. ఆ పిల్లలు పెద్దయ్యాక పన్నులు బాగానే కడతారు, ఒప్పుకుంటా. కానీ బడి కట్టింది ఒక ఊరు, పన్ను అందేది ఇంకెక్కడో. నా గొడవంతా అక్కడుంది.

లెక్కలపుల్లయ్య: అది డబ్బు పంపకాల తగువు. మనుషుల్ని ఆపడానికి కారణమెలా అవుతుంది? కేంద్రానికి వచ్చే పన్నులోంచి తలకింతని ఆ ఊళ్లకు ఇస్తే సరి.

ఎదురుగాలి: ఇచ్చే ఏర్పాటు చట్టంలో ముందు రాయండి, వీసాలు తర్వాత పెంచండి అంటున్నా. మీరు వీసాలు ముందంటారు, డబ్బు తర్వాత చూద్దామంటారు. ఆ 'తర్వాత' ఎప్పటికీ రాదు.

గట్టుమీదికాకి: ఈ ముక్క మొదటి పోస్టుకే రాసుంటే మయామీ తప్పేది.

లెక్కలపుల్లయ్య: బడి గదులు ముందు, వీసాలు తర్వాత. ఆ వరస నాకూ సమ్మతమే. బోర్హాస్ శాంపిల్ మాత్రం తప్పే.