క్రెడిట్ కార్డు బాకీ కట్టకపోతే అరెస్టు చేస్తారా?

ప్రశ్న (కూకట్‌పల్లి వాసి):
ఐదు నెలల క్రితం నా ఉద్యోగం పోయింది. కార్డు మీద 1,80,000 రూపాయల బాకీ ఉండగా, నాలుగు నెలలుగా కనీస మొత్తం కూడా కట్టలేకపోయాను. పోలీసులు వచ్చి పట్టుకుపోతారని వసూలు ఏజెంట్లు బెదిరిస్తున్నారు. ఊళ్లో ఉన్న నాన్నగారికీ ఫోన్ చేశారు. నా సేవింగ్స్ ఖాతా కూడా ఆ బ్యాంకులోనే ఉంది. ఏం చేయాలో పెద్దలు చెప్పగలరు.

జవాబు (విశ్రాంత బ్యాంకు ఉద్యోగి):
పోలీసుల సంగతి అటుంచి, ముందు వడ్డీ లెక్క చూడండి. నెలకు 3.5 శాతం చొప్పున 1,80,000 మీద 6,300 రూపాయలు, దానిపై 18 శాతం జీఎస్టీ 1,134 రూపాయలు. ఆలస్య రుసుము వేరే. తొంభై రోజులు దాటింది కనుక మీ ఖాతా ఇప్పటికే నిరర్థక ఆస్తుల (మొండి బాకీల) లెక్కలో చేరి ఉంటుంది. కార్డు ఒప్పందంలో సాధారణంగా ఉండే షరతు ప్రకారం అదే బ్యాంకులోని మీ సొమ్మును బాకీకి జమ చేసుకోవచ్చు. కాబట్టి రేపు కొత్త ఉద్యోగం దొరికితే జీతం మరో బ్యాంకులో పడేలా చూసుకోండి. ఇది ఎగవేతకు ఉపాయం కాదు, ఇంటి బియ్యానికి భద్రత.

జవాబు (న్యాయవాది):
మోసపు ఉద్దేశం లేకుండా కట్టలేకపోవడం సివిల్ వివాదమే తప్ప నేరం కాదు. అయితే ఒత్తిడికి లోనై రాబోయే తేదీ వేసిన చెక్కు ఇచ్చి, అది బౌన్స్ అయి, నోటీసు తరువాత కూడా సొమ్ము చెల్లించకపోతే, నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టంలోని సెక్షన్ 138 కింద రెండేళ్ల దాకా జైలు శిక్ష పడే అవకాశం ఉంది. నా దగ్గరికి వచ్చేవారిలో చాలామంది చిక్కుకున్నది ఇక్కడే. ఏజెంట్లు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత ఫోన్ చేయకూడదని, కుటుంబ సభ్యులను వేధించకూడదని రిజర్వు బ్యాంకు 2022లో స్పష్టంగా చెప్పింది. కాల్ రికార్డులు జతచేసి బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ముప్పై రోజుల్లో పరిష్కారం రాకపోతే బ్యాంకులపై ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించండి.

జవాబు (సెటిల్‌మెంటు చేసుకున్నవాడు):
సగం మాఫీ అనగానే నేను ఎగిరి గంతేశాను. రుణ చరిత్ర చూపే సిబిల్ నివేదికలో "సెటిల్డ్" అని పడటంతో, తరువాత ఇంటి రుణం కోసం వెళ్లినచోటల్లా తలుపు మూసుకుంది. స్తోమత ఉంటే వాయిదాలుగా మార్చమని అడిగి మొత్తం తీర్చండి. సెటిల్‌మెంటు తప్పకపోతే బ్యాంకు లేఖ చేతికి రానిదే రూపాయి కూడా కట్టకండి, ఏజెంటు వాట్సాప్ మాటను నమ్మకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. నిన్ననే ఏజెంటు రెండు ఖాళీ చెక్కులు అడిగాడు, ఇవ్వలేదు. వాయిదాల కోసం ఈ రోజే బ్యాంకుకు లేఖ రాస్తున్నాను.