లాప్‌టాప్ 400 మెగాహెర్ట్జ్ దాటట్లేదు, గవర్నర్ మార్చినా అంతే

ప్రశ్న:
అందరికీ నమస్కారం. నాది ఆరేళ్ల కిందటి లాప్‌టాప్, ఐ5-8250యూ ప్రాసెసర్, ఉబుంటు 22.04 (లినక్స్). వారం నుంచి నత్తనడక. రెండో ట్యాబ్ నొక్కి టీ పెట్టుకుని రావచ్చు. సీపీయూ ఇప్పుడెంత వేగంతో నడుస్తోందో చూపే స్కేలింగ్ కరెంట్ ఫ్రీక్వెన్సీ ఫైల్లో ఎనిమిది థ్రెడ్లకూ 400000 అని ఉంది. నాలుగు లక్షలంటే బాగానే ఉందిగా అనుకున్నా. ఆ లెక్క కిలోహెర్ట్జ్‌లో అని తర్వాత తెలిసింది! టర్బోలో 3.4 గిగాహెర్ట్జ్ దాకా పోవాల్సిన ప్రాసెసర్ ఇది.

గవర్నర్ (సీపీయూ వేగం ఎప్పుడెంత ఉండాలో చెప్పే సెట్టింగ్) 'పవర్‌సేవ్' అని ఉంది. దొంగ దొరికాడనుకుని 'పర్ఫార్మెన్స్'కి మార్చాను. అదే 400. 'ఆన్‌డిమాండ్' పెడదామంటే జాబితాలోనే లేదు. పాత కెర్నల్‌తో (ఓఎస్‌కి గుండెకాయ లాంటి భాగం) బూట్ చేసినా అంతే. శుక్రవారం ప్రాజెక్ట్ డెమో, ఒకటే టెన్షన్. ఓఎస్ మళ్ళీ వేయమంటారా?

జవాబు 1:
ఓఎస్ జోలికి పోకు తమ్ముడూ. నీ దాంట్లో సీపీయూ వేగాన్ని నడిపేది ఇంటెల్ పీ-స్టేట్ డ్రైవర్. యాక్టివ్ మోడ్‌లో అది పవర్‌సేవ్, పర్ఫార్మెన్స్ రెండే చూపిస్తుంది. పైగా అందులో పవర్‌సేవ్ పేరుకే పవర్‌సేవ్. పాత ఏసీపీఐ డ్రైవర్‌తో అయితే అదే పేరున్న గవర్నర్ సీపీయూని కనిష్ఠం దగ్గర కట్టేస్తుంది. ఇక్కడ మాత్రం లోడ్‌ని బట్టి పెంచుతుంది, తగ్గిస్తుంది. ఈ పేరు చూసి నేనూ ఒక ఆదివారమంతా పోగొట్టుకున్నాను. బూట్ అయ్యేటప్పుడు కెర్నల్‌కి ఇచ్చే ఆదేశాల లైన్లో ఈ డ్రైవర్‌ని పాసివ్ అని పెడితే ఆన్‌డిమాండ్, స్కెడ్‌యుటిల్ లాంటి గవర్నర్లు వస్తాయి గానీ నీ రోగానికి అది మందు కాదు. స్కేలింగ్ మ్యాక్స్ ఫ్రీక్వెన్సీ (గరిష్ఠ వేగం హద్దు) ఎంతుంది? టీఎల్‌పీ లాంటి బ్యాటరీ ఆదా ప్రోగ్రాం ఏమైనా వేశావా?

అడిగినవారు:
3400000 ఉందన్నా. టీఎల్‌పీ లేదు. టెంపరేచర్ కూడా 41 డిగ్రీలే.

జవాబు 2:
అయితే కెర్నల్ అడుగుతోంది, హార్డ్‌వేర్ ఇవ్వట్లేదు. స్పీడ్ షిఫ్ట్ (వేగాన్ని చిప్పే ఎంచుకునే ఏర్పాటు) ఉన్న ప్రాసెసర్లలో చివరి మాట చిప్‌దే. ఇంత చల్లగా ఉండి కూడా లేవట్లేదంటే నాకు చార్జర్ మీద అనుమానం. ఈమధ్య మార్చారా? ఒకసారి పీకేసి చూడండి.

అడిగినవారు:
అమ్మబాబోయ్! పీకగానే 3.3 గిగాహెర్ట్జ్, పెడితే మళ్ళీ 400. అవునండీ, పాతదాని వైరు తెగిపోతే వారం కింద సికింద్రాబాద్‌లో ఆరు వందలకి ఒకటి కొన్నాను. బూట్ అయ్యేటప్పుడు అడాప్టర్‌ని గుర్తించలేదని ఏదో వచ్చేది. చదవకుండా ఎంటర్ కొట్టేసేవాడిని.

జవాబు 2:
అదే సంగతి. కొన్ని లాప్‌టాప్‌లలో పిన్ మధ్యనున్న సన్న సూది ద్వారా చార్జర్ తన వాట్లు చెప్పుకుంటుంది. చెప్పకపోతే మదర్‌బోర్డు ప్రాక్‌హాట్ అనే సంకేతం ఇచ్చి సీపీయూని అట్టడుగుకి దించేస్తుంది. మామూలుగా అది వేడి ఎక్కువైనప్పటి సంకేతం, కానీ బయటినుంచి బోర్డు కూడా ఇవ్వగలదు. గవర్నర్‌కి ఈ గొడవే తెలియదు.

జవాబు 3:
ఎంఎస్‌ఆర్ 1ఎఫ్‌సీ అనే ప్రాసెసర్ లోపలి రిజిస్టర్‌లో సున్నా నంబరు బిట్ తీసేస్తే (సున్నా చేస్తే) సీపీయూ ఆ బయటి సంకేతాన్ని పట్టించుకోదు. దానికి సెక్యూర్ బూట్ (బూట్ సమయపు భద్రతా ఏర్పాటు) ఆపాలి, రీబూట్ చేసినప్పుడల్లా మళ్ళీ రాయాలి. నేను రెండేళ్లుగా ఇలాగే లాగిస్తున్నా.

జవాబు 1:
నువ్వు లాగిస్తున్నావు సరే, 65 వాట్లు కావాల్సిన చోట ఇతని చార్జర్ 45ది అయితే? వేడెక్కేది అదే. పైగా బోర్డు మీది మిగతా భాగాలు కాలుతున్నా ఆ ప్రాక్‌హాట్ సంకేతమే కదా చెప్పాల్సింది. తమ్ముడూ, ఆ బిట్ ముట్టుకోకు.

అడిగినవారు:
ముట్టుకోలేదన్నా. డెమో బ్యాటరీ మీదే కానిచ్చాను, 19 శాతం మిగిలింది. నిన్న అసలు చార్జర్ కొన్నాను. గవర్నర్ మళ్ళీ పవర్‌సేవ్‌లోనే పెట్టాను, పరుగెడుతోంది. ఆరు వందలది మాత్రం షాపాయన వెనక్కి తీసుకోనన్నాడు.