గారండ్ రైఫిల్ సీరియల్ నంబరు 1943ది, బ్యారెల్ మీద 1952. బావ మోసపోయాడా?

వైట్‌ఫీల్డ్ కుర్రోడు:
మా అక్కావాళ్ళు టెక్సస్‌లో ఉంటారు, బావకి పాత మిలిటరీ సామాన్ల పిచ్చి. పోయిన నెల ఎం1 గారండ్ ఒకటి కొన్నాడు, అదే రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం వాడిన సెమీ ఆటోమేటిక్ రైఫిల్, అంటే ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగక్కర్లేదు. సీరియల్ నంబర్ బట్టి 1943లో అక్కడి ప్రభుత్వ తుపాకుల ఫ్యాక్టరీ స్ప్రింగ్‌ఫీల్డ్ ఆర్మరీ (ఎస్ఏ)లో తయారైందట, అమ్మినాయన కూడా వరల్డ్ వార్ నాటి గన్నని చెప్పే అమ్మాడు. ఇంటికొచ్చి బోల్ట్ లాగి టార్చి కొట్టి చూస్తే బ్యారెల్ పక్కన "ఎస్ఏ 5 52" అని గుద్ది ఉంది. అంటే 1952 మే కదా? అప్పట్నుంచి నేను ఆఫీసు మీటింగులో ఉన్నా సరే వీడియో కాలే. పైగా ఆ చూసుకోవడంలోనే బోల్ట్ టపీమని మూసుకుపోయి బొటనవేలు నలిగింది, గోరు నేరేడుపండులా అయింది, అక్క తిట్లు అదనం.

పాత ఇనుము:
మోసం ఏం లేదు తమ్ముడూ. యుద్ధం అయ్యాక ఈ గన్నుల్ని వెనక్కి తెచ్చి మొత్తం విప్పేసి, అరిగినవి పక్కన పడేసి, చేతికొచ్చిన పార్టులతో మళ్ళీ బిగించేవాళ్ళు, ఏ గన్ను పార్టు దానికే వెయ్యాలన్న పట్టింపు లేదు. 1950లో కొరియా యుద్ధం మొదలయ్యాక కొత్త బ్యారెళ్ళు కూడా బోలెడు చేశారు. అసలు అన్నీ 1943 పార్టులే ఉంటే నాకు డౌటొచ్చేది, ఆ డేటువి ఏరి తెచ్చి బిగించి ఎక్కువ రేటుకి అమ్మేవాళ్ళున్నారు.
వేలి సంగతా, దాని పేరే గారండ్ థంబ్. కుడి అరచేతి అంచుతో ఆపరేటింగ్ రాడ్ హ్యాండిల్‌ని (బోల్ట్‌ని లాగే పక్క పిడి) వెనక్కి ఆపి పట్టుకుని, అప్పుడు బొటనవేలితో ఫాలోయర్ (లోపల తూటాల్ని పైకి నెట్టే పలక) నొక్కాలి, వేలు బయటికి తీశాకే హ్యాండిల్ వదలాలి.

హెబ్బాళ్ అన్నపూర్ణ:
గారండ్‌లో 8 రౌండ్లు అయిపోగానే ఖాళీ క్లిప్ (తూటాల్ని పట్టి ఉంచే రేకు) పింగ్‌మని ఎగిరిపడుతుంది, అది విని శత్రువు మీద పడేవాడంటారు, నేనైతే నమ్మను, చుట్టూ అంత మోతలో ఎవడికి వినపడుద్ది, పక్కన మిగతావాళ్ళ చేతుల్లో లోడైన గన్నులుండవా? నాకు జాలేసేది ఈ గన్ను డిజైన్ చేసిన జాన్ గారండ్ మీద. పేటెంట్లు ప్రభుత్వానికే ఇచ్చేశాడు, 1936లో ఆర్మీ తీసుకుంది, మొత్తం 50 లక్షలు దాటి తయారయ్యాయి, ఆయనకి లక్ష డాలర్లిద్దామని అమెరికా కాంగ్రెస్‌లో బిల్లు పెడితే అదీ పాసవలేదు. మన కంపెనీల్లో పేటెంట్ బోనస్ తక్కువని ఏడ్చేవాళ్ళు వినాలి.

హలసూరు సాపర్:
బాబూ, నేను మద్రాస్ సాపర్స్‌లో, అంటే మన ఆర్మీ ఇంజనీర్ల దళంలో, చేసి రిటైరయ్యాను. గారండ్ ఎప్పుడూ పట్టుకోలేదు, మాది ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసిన ఎస్ఎల్ఆర్ (సెల్ఫ్ లోడింగ్ రైఫిల్), 7.62 ఎంఎం తూటా, మ్యాగజీన్‌కి 20 రౌండ్లు. సెమీ ఆటోమేటిక్ విలువ మా సీనియర్లకి 1962లో తెలిసింది, మనవాళ్ళు పాత .303 రైఫిల్‌తో రౌండుకోసారి బోల్ట్ లాగుతుంటే అవతల చైనావాళ్ళ దగ్గర ఎస్కేఎస్ అనే సెమీ ఆటోమేటిక్‌లు. 1971కి మన చేతికి ఎస్ఎల్ఆర్ వచ్చేసింది. మీ బావ గన్నుకి బ్యారెల్ మార్చారంటే పాతది కాల్చి కాల్చి అరిగైనా ఉండాలి, కడక్క తుప్పన్నా పట్టుండాలి. అప్పటి తూటాల ప్రైమర్ (తూటా వెనక నిప్పు పుట్టించే మందు) అలాంటిది, కాల్చిన రోజే కడక్కపోతే లోపల తినేస్తుంది.

వైట్‌ఫీల్డ్ కుర్రోడు:
థ్యాంక్యూ అంకుల్. బావకి అంతా చదివి వినిపించా, శాంతించాడు. ఇప్పుడు ఆ పాత బ్యారెల్ ఎక్కడ దొరుకుద్దని అడుగుతున్నాడు.