ఇండోర్ పూల్‌లో రద్దీ, ఘాటు వాసన: ఏం చేయాలి?

మోకాళ్ల నొప్పికి ఈత మంచిదని డాక్టరు గారు చెబితే, హైదరాబాద్‌లో మా ఇంటి దగ్గరి ఇండోర్ పూల్‌లో ఏడాది ఫీజు కట్టి చేరాను. సాయంత్రం లేన్లన్నీ దాదాపు పిల్లల కోచింగ్‌కే. మిగిలినచోట గోడ పట్టుకుని కబుర్లు చెప్పేవాళ్లు, అడ్డంగా ఈదేవాళ్లు. 25 మీటర్లు ఆగకుండా ఈదడం కుదరదు.

అంతకంటే టెన్షన్ ఆ ఘాటు వాసన. లోపలికి అడుగు పెట్టగానే గొంతు పట్టేస్తుంది, గాగుల్స్ పెట్టుకున్నా కళ్లు ఎర్రబడతాయి. చెమట, మూత్రం క్లోరిన్‌తో కలిసి క్లోరమైన్లు అనే ఘాటు రసాయనాలు తయారైతేనే ఈ వాసన. స్నానం చేయకుండా దిగేవాళ్లను మాత్రం ఎవరూ ఆపరు. పూల్ సిబ్బందిని అడిగితే "క్లోరిన్ బాగానే వేస్తున్నాం మేడమ్" అంటారు.

నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార స్థాయి) 7.2–7.8 మధ్య ఉందో లేదో టెస్ట్ స్ట్రిప్‌తో నేనే చూసుకోవచ్చా? ఈదే చోటు లేని రోజు ఛాతీ లోతు నీళ్లలో నడిస్తే సరిపోతుందా? రద్దీ తగ్గే వేళ ఏది? అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.