డ్యాన్స్ ప్యాడ్‌లో ఎడమ బాణం సరిగ్గా పలకడం లేదు

ప్రశ్న: బాణాలను కాళ్లతో తొక్కుతూ ఆడే డ్యాన్స్ వీడియో గేమ్‌కి వాడే మెత్తటి ప్యాడ్. ఎడమ బాణం అంచున తొక్కితే పలుకుతోంది, మధ్యలో పలకడం లేదు. పైన చెమట జిడ్డు కూడా ఉంది. ఎలా శుభ్రం చేయాలండి?

జవాబు: ముందు వైరు తీసేయండి. గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కల డిష్‌వాష్ లిక్విడ్ కలిపి, గుడ్డ గట్టిగా పిండి తుడవండి. తర్వాత ఉత్త తడిగుడ్డ, ఆపైన పొడిగుడ్డ. కుట్ల దగ్గర తడి అస్సలు నిలవకూడదు. లోపలికి దిగితే తొక్కకుండానే బాణాలు పలుకుతాయి.

ఇంకో జవాబు: పలకకపోవడానికి పైజిడ్డు కారణం కాదు. లోపల రెండు కండక్టివ్ షీట్ల (కరెంటు పారే పూత ఉన్నవి) మధ్య చిల్లుల ఫోమ్ ఉంటుంది. తొక్కగానే షీట్లు ఆ చిల్లుల్లోంచి తగలాలి. మధ్యలో పూత అరిగినట్టుంది. జిప్పు ఉంటే తెరిచి, పొడిగుడ్డతో మెల్లగా తుడిచి చూడండి. ఆల్కహాల్ వద్దు, పూత ఊడొచ్చు.

ప్రశ్న అడిగినవారు: మడతపెట్టి దాచొచ్చా?

జవాబు: వద్దండి, చుట్టండి. మడత దగ్గరే పూత పగులుతుంది.