హోల్డింగ్ ట్యాక్సు పెంచకుండా మన పట్టణాలు నడుస్తాయా?

చర్చకు పెట్టిన ప్రశ్న: ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల పట్టణ కౌన్సిళ్లు హోల్డింగ్ ట్యాక్సు, అంటే ఇంటి పన్ను, పెంచడం న్యాయమా, కాదా?

విశ్రాంత పద్దుల గుమాస్తా:

పెంచడం న్యాయమేనని నా అభిప్రాయం. ఒకప్పుడు మన పురపాలక సంఘాలకు ఆక్ట్రాయి ఉండేది. ఊళ్లోకి సరుకు దిగుతుంటే నాకా (తనిఖీ గేటు) దగ్గర ఆ పేరున వసూలైన సొమ్ము నేరుగా కౌన్సిల్ ఖజానాకు చేరేది. 1999లో ఒడిశా ప్రభుత్వం దానిని రద్దు చేసి, రాష్ట్రమే వసూలు చేసే ఎంట్రీ ట్యాక్సు (ప్రవేశ పన్ను) తెచ్చింది. 2017 జూలైలో అది కూడా జీఎస్టీలో కలిసిపోయింది. ఇప్పుడు కౌన్సిళ్లకు ముట్టేది ఎక్కువగా గ్రాంటు. ఆ గ్రాంటు ఎంత, ఎప్పుడు, దేనికి అన్నది నిర్ణయించేది పైవారు. పదిహేనవ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పది లక్షల లోపు జనాభా గల పట్టణాలకు సిఫారసు చేసిన సొమ్ములో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలంది. అంతేకాదు, రాష్ట్రం ఆస్తి పన్నుకు కనీస రేట్లు ప్రకటించాలనీ, వసూళ్లు రాష్ట్ర స్థూల ఉత్పత్తితో పాటు పెరుగుతూ ఉండాలనీ, లేకుంటే ఆ గ్రాంటుకు అర్హత ఉండదనీ షరతు పెట్టింది.

2022 మార్చిలో మనం మేయర్లను, చైర్‌పర్సన్లను నేరుగా ఓటు వేసి ఎన్నుకున్నాం. ఎన్నికైనవారు తమంతట తాము తీర్మానించి ఖర్చు పెట్టగలిగే సొమ్ములో ముఖ్యమైనది ఇంటి పన్నే. దానిని పెంచవద్దని మనమే పట్టుబడితే, ఏ పని ముందో ఏది వెనకో భువనేశ్వర్ నుండే చెప్పించుకోవాలి.

సాలెవీధి ఇల్లాలు:

పెద్దలు గుమాస్తా గారు చెప్పిన లెక్కలను నేను కాదనను. కౌన్సిల్‌కు సొంత రాబడి ఉండాలన్నదీ ఒప్పుకుంటాను. నేను అడిగేది, పెంచిన రేటు ఎవరి నెత్తిన పడుతుందన్నది. బరంపురం పట్టు నేసే ఇళ్లలో మగ్గం ముందు గదిలోనే ఉంటుంది. అప్పడాలు ఒత్తి, పచ్చళ్లు పెట్టి అంగళ్లకు పోసే ఇళ్లలోనూ పని, కాపురం ఒకే కప్పు కింద సాగుతాయి. కొలతలకు వచ్చినవారు ఆ గదిని నివాసంగా రాసుకుంటారా, వ్యాపార స్థలంగా రాసుకుంటారా అన్నదాని మీదే మా బిల్లు ఆధారపడి ఉంటుంది. ఈ సంగతి తేల్చకుండా రేటు గురించి ఎంత మాట్లాడినా మాకు ఒరిగేదేమీ లేదు. ఇలాంటి ఇళ్లకు పన్ను మినహాయించాలన్నది మా కోరిక.

రెండవది, పన్నుకు బదులుగా అందే సేవ. ఒడిశా మునిసిపల్ చట్టం, 1950 ఇంటి పన్నుతో పాటు దీపాలకు, మరుగుదొడ్లకు, మురుగు పారుదలకు విడివిడిగా పన్ను వేసే వీలు కల్పించింది. అంటే ఏ పేరున కట్టామో ఆ పని జరిగిందా అని అడిగే హక్కు కూడా మనకు ఇచ్చినట్టే. మా వీధి కాలువనే చూడండి. ప్రతి గడప ముందూ కాలువ మీద బండ పరిచి ఉంటుంది. వానలకు ముందు పూడిక తీయడానికి వచ్చినవారు బండల మధ్య సందులో గడ్డపార దూరినంత మేరకే తీసి, తీసినదంతా గట్టు మీదనే పోసి వెళ్తారు. ఎత్తుకుపోయే బండి వచ్చేలోగా ఒక్క వాన పడితే చాలు, అది మళ్లీ కాలువలోకే జారుతుంది. ఎందుకిలా అని మేస్త్రీని అడిగితే, తీయడం ఒకరి కాంట్రాక్టు, ఎత్తడం ఇంకొకరిది, రెండూ ఒకే రోజు కుదరవు అన్నాడు. ఈ పద్ధతి మారకుండా పన్ను రెండింతలు చేసినా మా గడపలోకి నీళ్లు రావడం ఆగదు.

అద్దె ఇంటివాడు:

ఇంకొక్క మాట. పన్ను కట్టేది ఇంటివారే అయినా, పెరిగిన మరుసటి నెల అద్దె పెరిగేది మాకు. కౌన్సిల్ అభ్యంతరాలు పిలిచినప్పుడు హోల్డింగ్ నంబరు (ఇంటి పన్ను ఖాతా సంఖ్య) లేనివారి మాట కూడా రాతపూర్వకంగా తీసుకోవాలి.

విశ్రాంత పద్దుల గుమాస్తా:

అమ్మా, మీ కాలువ సంగతి చదివాక నా వాదనకు ఒక వరుస క్రమం చేర్చవలసి ఉంది. రేటు పెంచడానికి ముందు పన్ను పరిధిని సరిచేయాలి. మెయిన్ రోడ్ల మీద పై అంతస్తులు లేచి, కింద దుకాణాలు వెలిసిన తరువాత కూడా పాత కొలతల ప్రకారమే నోటీసు అందుకుంటున్న భవనాలు మన కళ్ల ముందే ఉన్నాయి. వాటిని తిరిగి కొలిపిస్తే, నేత ఇంటి మీద రూపాయి వేయకముందే రాబడి కొంత పెరుగుతుంది. మగ్గం గదిని, అప్పడాల గదిని నివాసంగానే లెక్కించాలని కౌన్సిల్ ముందుగా తీర్మానం చేయాలి. అలాగని ఆ ఇళ్లకు పన్ను పూర్తిగా మినహాయించాలన్న కోరికను మాత్రం నేను సమర్థించలేను; కాలువ, వీధి దీపం వారికీ కావాలి, ఎంత చిన్నదైనా తమ పేరున రసీదు ఉన్నవారే కార్పొరేటరును గట్టిగా నిలదీయగలరు.

అద్దె ఇంటివారి మాటకు జవాబు వార్డు కమిటీలో ఉంది. మూడు లక్షలు, అంతకు మించి జనాభా ఉన్న పురపాలక సంఘాల్లో వార్డు కమిటీలు ఉండి తీరాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణం చెబుతోంది. 2011 జనాభా లెక్కల ప్రకారమే బరంపురం మూడున్నర లక్షలు దాటింది గనుక ఆ నియమం దానికి వర్తిస్తుంది. పర్లాకిమిడి, రాయగడ వంటి చిన్న పట్టణాలకు ఆ నిర్బంధం లేదు. అయినా బడ్జెట్టు ముసాయిదాను వార్డులో చదివి వినిపించమని కోరడానికి ఏ చట్టమూ అడ్డు రాదు. ఆ చదవడం ఒడియాతో పాటు తెలుగులోనూ జరగాలి. మన వీధుల్లో ఒడియా చక్కగా మాట్లాడుతూ, చదవడం రాని పెద్దవారు ఎందరో ఉన్నారు. వారి చేతికి వచ్చే డిమాండు నోటీసును ఇప్పుడు మనవలు చదివి చెబుతున్నారు.

సాలెవీధి ఇల్లాలు:

మినహాయింపు గురించి మీతో ఏకీభవించలేను. మగ్గం మీద వచ్చే కూలి తెలిసినవారెవరూ ఆ ఇళ్లను మిగిలిన ఇళ్లతో సమానంగా చూడమనరు. కనీసం నేత పని సాగుతున్నంత కాలం రాయితీ ఉండాలి. కొలతల విషయంలో మాత్రం మీ వెంటే ఉన్నాను. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి గనుక, మా వార్డులో గడచిన మూడేళ్లలో ఏ పద్దు కింద ఎంత పన్ను వసూలైంది, పూడిక తీతకు, ఎత్తివేతకు విడివిడిగా ఎంత బిల్లు చెల్లించారు, మెయిన్ రోడ్డు భవనాలను ఆఖరుసారి ఎప్పుడు కొలిచారు అన్న మూడు ప్రశ్నలతో ఈ వారమే దరఖాస్తు ఇస్తున్నాను. మీ మీ పట్టణాల్లోనూ ఇవే ప్రశ్నలు అడిగితే, బడ్జెట్టు సమావేశానికి ముందు అందరి జవాబులూ పక్కపక్కన పెట్టి చూడవచ్చు.